పేరమ్మత్తను పిలవని బేరం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక తేనె కొట్టు. నవ్వకండి పిల్లలూ, ఉన్నమాటే చెబుతున్నాను. ఆ కొట్టు జోగన్న అనే ఎలుగుబంటిది. కొండ గుహలో పెళ్లాం పిల్లలతో కాపురం. సొరబుర్రల్లో తేనె నింపి ఇచ్చేవాడు, బదులుగా పళ్లూ దుంపలూ పుచ్చుకునేవాడు.

ఆ కొట్టులోనే పేరమ్మ అనే ఏదుపంది ఉండేది. ఒళ్లంతా ముళ్లు. మాటా అంతే. ఆమె తేనె తీయదు, బుర్రలు మొయ్యదు. ఆమె పని వేరు. ఆ అడవిలో బేరం కుదిరితే తడి బంకమట్టి మీద పాదముద్ర వేస్తారు. మట్టి ఎండిందా, ఇక మాట మారదు. జోగన్న ముద్ర వేసేముందు పేరమ్మ ఆ మట్టి చుట్టూ తిరిగి, "ఇలా జరిగితే? అలా జరిగితే?" అని అడగాలి. అందుకే ఆమెకు ఆ ఇంట్లో తిండీ గౌరవమూ.

ఒకసారి అడవిపందులు వచ్చాయి. "తేనె ఇప్పుడివ్వు, దుంపలు తర్వాత తవ్విస్తాం" అన్నాయి. "దుంపలు ముందు, తేనె తర్వాత" అంది పేరమ్మ. అలాగే జరిగింది. ఏ గొడవా రాలేదు.

ఇంకోసారి ఏనుగులు వచ్చాయి. "బుర్రలు దారిలో పెట్టండి, పోతూ పోతూ తీసుకుంటాం" అన్నాయి. "మీ కాళ్లకింద నలిగితే నష్టం ఎవరిది? బండమీద పెడతాం" అంది పేరమ్మ. ఒక్క బుర్రా పగల్లేదు.

జోగన్న మూతి నాక్కుంటూ అడిగాడు. "పేరమ్మత్తా, పందులు ఎగ్గొట్టాయా? లేదు. బుర్రలు పగిలాయా? లేదు. మరి నువ్వు చేసిందేంటి?"

"ఏమీ జరక్కపోవడమే నేను చేసింది, అల్లుడూ."

జోగన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు పేరమ్మ మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోవాలి? పడ్డవాళ్లకే తెలుస్తుంది ఆ మంట.

ఎండాకాలం మొదట్లో కొండముచ్చుల పెద్ద దుబ్బన్న వచ్చాడు. "జోగన్నా, వానలు పడేదాకా మా తునికి పళ్లన్నీ నీవే. పున్నమి పున్నమికీ బుర్రెడు తేనె ఇస్తే చాలు. తప్పావో, వానాకాలమంతా నీ గుహ మాది" అన్నాడు.

పేరమ్మ లేవబోయింది. "నువ్వు కూర్చో అత్తా, నువ్వొస్తే కుదిరే బేరం చెడుతుంది" అన్నాడు జోగన్న.

"పూలు రాలిపోతే?" అంది పేరమ్మ, కూర్చున్నచోటినుంచే.

"రాలవు."

"తేనెటీగలు లేచిపోతే?"

"శకునపక్షి మాటలు ఆపు తల్లీ! నా ఇంట తేనెకి కరువా?" అంటూ జోగన్న ధబీమని ముద్ర వేశాడు.

పేరమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. లేచి బండ వెనక్కి పోయి కూర్చుంది. ఆ రోజునుంచి అదే ఆమె చోటు.

మొదటి పున్నమికి తేనె అందింది. ఆ తర్వాత వడగళ్లు పడ్డాయి. పూలన్నీ నేలపాలయ్యాయి. తేనెపట్టులో సగం ఈగలకే వదిలెయ్యడం జోగన్న తాతలనాటి ఆచారం. రెండో పున్నమికి మాట నిలుపుకోవాలని ఆ సగమూ పిండేశాడు. ఈగలు ఊరుకుంటాయా? లేచి పక్క కొండకి పోయాయి. మూడో పున్నమికి ఖాళీ బుర్రే మిగిలింది.

మబ్బులు కమ్ముతుంటే దుబ్బన్న మందతో వచ్చాడు. "గుహ ఖాళీ చెయ్యి" అన్నాడు. లోపల ఇంకా నడక రాని కూనలు రెండు, తల్లి పొట్టకింద ముడుచుకుని ఉన్నాయి.

కబురు విని గుంటనక్క పరిగెత్తుకొచ్చింది. "బావా, ఆ ముద్ర నీది కాదని వాదిస్తాను. నాకు సగం కొట్టు ఇచ్చెయ్, చాలు" అంది.

జోగన్న నక్కని పక్కకి తోసేశాడు. తల వంచుకుని బండ వెనక్కి వెళ్లాడు. "అత్తా..."

"ఎవరూ, జోగన్నగారేనా? శకునపక్షితో మీకేం పని బాబూ?"

"కూనలు తడిసిపోతాయి అత్తా."

పేరమ్మ ముళ్లు మెల్లగా వాలాయి. ఆమె కోపం జోగన్న మీద. కూనల మీద కాదు.

"ముద్ర నీదేనా?" అని అడిగింది.

"నాదే."

"అయితే కాదని బొంకకు. బొంకితే రేపు నీతో బేరమాడేవాడు ఉండడు. తప్పించుకునే దారి లేదు. తగ్గించుకునే దారి వెతుకుదాం, పద."

ఆమె దుబ్బన్న ముందు నిలబడింది. "గుహ మీదే, కాదనం. ఒక్క మాట చెప్పు నాయనా, మీకు గుహ ఎందుకు?"

దుబ్బన్న గొంతు తగ్గింది. "పోయినేడు వానకి తడిసి మా పసిపిల్ల ఒకటి పోయింది పేరమ్మా. ఈ ఏడూ బాలింతలున్నారు."

జోగన్న తలెత్తి చూశాడు. బేరం రోజున ఆ మాట అతను అడగలేదు.

"అయితే మీ బాలింతలూ, మా ఎలుగు తల్లీ లోపల ఒకేచోట పడుకుంటారు. ఆమె బొచ్చు వెచ్చదనం మీ పసివాళ్లకీ దక్కుతుంది. వాకిట్లో జోగన్న కాపలా కూర్చుంటాడు. చిరుత ఇటు తొంగిచూడదు. సరేనా?" అంది పేరమ్మ.

దుబ్బన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే" అన్నాడు. గుంటనక్క తిట్టుకుంటూ పోయింది.

వానాకాలమంతా జోగన్న గుహ వాకిట్లోనే కూర్చున్నాడు. వీపు వానకి తడిసేది. కొండముచ్చు పిల్లలు చెవులు పట్టుకుని ఊగేవి. ఒకనాడు ఒక పిల్ల అతని ముక్కులో తోక పెట్టింది.

"హాచ్చి! అత్తా, ఈసారైనా ముందే చెప్పకూడదా!" అని మొత్తుకున్నాడు జోగన్న.

"ముందే చెప్పాను అల్లుడూ. ఈసారి ముందే విను" అంది పేరమ్మ.

నీతి: మన మేలు కోరి "అలా జరిగితే?" అని అడిగేవారి మాట, మాట ఇవ్వకముందే వినాలి. ఇచ్చేశాక వింటే నష్టం తగ్గుతుందేమో గానీ తప్పదు.