పిట్టకథకు తాళం

భానోజీకి ఉన్న బాధల్లా ఒకటే. గురువుగారు తన కాలికి గజ్జె కట్టడం లేదు.

హరికథ చెప్పేవాళ్ళలో అదొక పద్ధతి. గురువు స్వయంగా వంగి గజ్జె కడితేనే శిష్యుడు సొంతంగా కథ చెప్పడానికి పనికొచ్చినట్టు. అంతవరకూ వెనక నిలబడి వంత పాడాల్సిందే. కథ మధ్యలో గురువుగారు గుక్కెడు పాలు తాగి ఊపిరి పీల్చుకునే వేళ మాత్రం, జనం లేచిపోకుండా ఓ పిట్టకథ చెప్పుకోవచ్చు. కూర్మదాసుగారి దగ్గర చేరాక భానోజీకి మీసాలు వచ్చాయి, వాటిని మెలెయ్యడమూ వచ్చింది. గజ్జెలు మాత్రం రాలేదు.

అందుకని ఏటిగట్టు మీది ఓ ఊరికి కథ చెప్పడానికి వెళ్ళినప్పుడు తన తడాఖా చూపించాడు. మొదటిరోజు సాయంత్రం కథ ఓ భక్తురాలిది. గురువుగారు పక్కకి తప్పుకోగానే భానోజీ ముందుకొచ్చి, గయ్యాళి పెళ్ళాన్ని దారికి తెచ్చుకున్న మొగుడి కథ ఎత్తుకున్నాడు. పాట కూడా తను కట్టిందే. చిడతలు వాయిస్తూ, గెంతుతూ పాడాడు.

"ఒకటి వెయ్యి, ఒదిగి ఉంటది!
రెండు వెయ్యి, రెట్టించదు!
మూడు వెయ్యి, ముద్దుగుంటది!"

నవ్వులకి పందిరి ఎగిరిపోయింది. మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. భక్తురాలి కష్టాలకి కళ్ళొత్తుకున్నవాళ్ళు ఒకరిద్దరుంటే, గయ్యాళి దెబ్బలకి నవ్వనివాడు లేడు. కూర్మదాసుగారు ఆ పూట పాలు కూడా ముట్టుకోలేదు.

తెల్లవారాక ఇద్దరూ స్నానానికి ఏటికి బయల్దేరారు. మెచ్చుకోలు వింటే తప్ప భానోజీకి కాళ్ళు నేలమీద ఆనేట్టు లేవు.

"నిన్నటి పిట్టకథ ఎలా ఉందండీ?"

"తాళం బాగా కుదిరింది."

అంతే. ఆ తరవాత ఏదో ఉంటుందని భానోజీ కాస్త దూరం ఓపిక పట్టాడు.

"ఆడవాళ్ళని చులకన చేశాననేగా మీకు కోపం? వాళ్ళే ఎక్కువ నవ్వారండీ! నా కళ్ళారా చూశాను."

"నవ్వేముందు ఎటు చూశారు?"

ఇదేం ప్రశ్న? పాడేవాణ్ణి వదిలేసి ఇంకెటు చూస్తారు! ముసలాయనకి అసూయ పట్టుకుందని భానోజీ లోపల్లోపల నవ్వుకున్నాడు.

సందు మలుపు తిరిగేసరికి అతని పాట అతనికే ఎదురొచ్చింది. ఓ పెంకుటింట్లోంచి.

"ఒకటి వెయ్యి..."

దబ్‌మని చప్పుడు.

"రెండు వెయ్యి..."

మళ్ళీ దబ్.

భానోజీ మొహం చాటంత అయింది. "విన్నారా గురువుగారూ! వడ్లు దంచుతూ నా పాట పాడుకుంటున్నారు. ఒక్కరాత్రికే దంపుళ్ళ పాటైపోయింది!"

కూర్మదాసుగారు ఆగిపోయారు. ఆయన ఆగారు కదాని భానోజీ కూడా ఆగి చెవి పెట్టాడు. పాడుతున్నది మగగొంతు. మగవాడు రోకలి పట్టుకుని వడ్లు దంచడం ఎక్కడైనా చూశామా? చప్పుడు తరవాత సన్నగా ఓ మూలుగు వినిపించింది.

అది దంపుడు కాదు, దెబ్బలు.

"అమ్మా! కాసిని మంచినీళ్ళు పొయ్యి తల్లీ!" అని కేకేశారు కూర్మదాసుగారు. మైకు లేకుండా ఊరంతటికీ కథ వినిపించిన గొంతు అది. లోపల పాట ఆగిపోయింది.

ఒకావిడ చెంబుతో బయటికొచ్చింది. పైట గబగబా సర్దుకున్నట్టు తెలుస్తోంది. ఒక చేతికి గాజుల్లేవు, గాజుముక్క గీరిన చోట రక్తం ఉంది. వెనకే మొగుడొచ్చాడు. చేతిలో నీళ్ళు మోసే కావిడిబద్ద. వీళ్ళని చూడగానే అతని మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మో, దాసుగారే! మా గుమ్మంలోకొచ్చినారా! నానండీ, అసిరయ్యని. నిన్న ఈ బాబు పాటకి నవ్వలేక సచ్చిపోనాం."

"ఈవిడ ఏం తప్పు చేసింది నాయనా?" అనడిగారు కూర్మదాసుగారు.

"మా తవిటమ్మా? తప్పేటీ సెయ్యలేదు బాబూ!" అన్నాడు అసిరయ్య. మాటలో కోపం లేదు, దాపరికం లేదు. "పాట నోటికొచ్చీసినాది. తాళంతోటి ఎలాగుంటాదో సూద్దామనీసి. సరదాకి."

సరదాకి! తాగితే కొట్టాడనుకోవచ్చు, పోట్లాడితే కొట్టాడనుకోవచ్చు. ఇతను పాట నేర్చుకుంటున్నాడు.

"ఏటే, దాసుగారి ముందర ఆ ముకం? నవ్వు" అన్నాడు అసిరయ్య పెళ్ళాంతో.

తవిటమ్మ ముందు మొగుడి మొహం చూసింది. చూసి, నవ్వింది.

ఆ నవ్వు భానోజీకి తెలుసు. నిన్న ఆడవాళ్ళ వైపు ముందు వరసలోంచి అన్నిటికంటే గట్టిగా వినిపించిన నవ్వు అదే. ఆ నవ్వుకి పొంగిపోయి, అటు తిరిగి మరోసారి పాడాడు తను.

కూర్మదాసుగారు ఎప్పుడూ భుజాన ఉండే సంచిలోంచి చిడతలు తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"నీ పాటే కదా. ఆయన పాడతాడు, నువ్వు తాళం వెయ్యి."

"ఎయ్యండి బాబూ!" అసిరయ్య సంబరంగా కావిడిబద్ద ఎత్తాడు.

తవిటమ్మ ఏడవలేదు, పారిపోలేదు. నీళ్ళు ఒలక్కుండా చెంబు జాగ్రత్తగా అరుగు మీద పెట్టి, భుజాలు దగ్గరికి ముడుచుకుని, కళ్ళు మూసుకుంది.

"వద్దు!" అని అరిచాడు భానోజీ. చిడతలు కిందపడ్డాయి. ఎప్పుడు మధ్యలోకి దూరాడో, ఎప్పుడు కావిడిబద్ద పట్టుకున్నాడో అతనికే తెలీదు. అసిరయ్య తెల్లబోయాడు. తన పాట తనకే నచ్చని మనిషిని అతనెప్పుడూ చూడలేదు మరి.

"ఈ బద్ద మాకు కావాలి నాయనా. పందిట్లో పనుంది" అన్నారు కూర్మదాసుగారు.

"దానికేటి బాబూ, అట్టుకెళ్ళండి."

"మోసుకురా" అన్నారాయన భానోజీతో. ఆ పూట ఏటికి వెళ్ళాలన్న సంగతి ఇద్దరికీ గుర్తురాలేదు.

సాయంత్రం పందిరి కిటకిటలాడింది. భక్తురాలి కథ సగంలో ఉండగానే "పిట్టకథ! పిట్టకథ!" అని కేకలు మొదలయ్యాయి. గురువుగారు పక్కకి తప్పుకున్నారు. భానోజీ చిడతలు తీసుకోలేదు. కావిడిబద్ద తీసుకుని ముందుకొచ్చాడు. జనం అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయారు.

ఆడవాళ్ళ వైపు చూశాడు. ఒక్కరూ తనని చూడటం లేదు. ఒకరు మొగుణ్ణి, ఒకరు అత్తగారిని, ఒకరు పెద్దకొడుకుని చూస్తున్నారు. నవ్వాలో వద్దో ఆ మొహాల్లో చూసుకుంటున్నారు. నిన్నా ఇలాగే చూసుంటారు. నిన్న తనకి తన గెంతులే కనిపించాయి.

"ఆ కథలో గయ్యాళి లేదు" అన్నాడు భానోజీ. "ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు. మీ నవ్వు కోసం ఆవిణ్ణి నేనే కొట్టించాను."

కావిడిబద్ద నేలమీద పెట్టి అలాగే నిలబడిపోయాడు.

అసిరయ్య ఒక్కడే హిహి అని, తోడెవరూ రాకపోయేసరికి నోరు మూశాడు. తవిటమ్మ మొహం అలవాటుగా మొగుడి వైపు సగం తిరిగింది. అక్కడే ఆగింది. మెల్లగా భానోజీ వైపు తిరిగింది.

అతను తలదించుకుని వెనక్కి వచ్చేశాడు. తెర పక్కన కూర్మదాసుగారు పాలు తాగుతున్నారు. ఆయన కాలి గజ్జె తాడు వదులైంది. భానోజీ కూర్చుని దాన్ని బిగించి కట్టాడు. తన గజ్జెల మాట ఎత్తలేదు.

"పిట్టకథ పోయిందండీ" అన్నాడు తల ఎత్తకుండానే. "ఒక్కరూ నవ్వలేదు."

కూర్మదాసుగారు గ్లాసు కింద పెట్టి లేచారు.

"ఒకావిడకి నవ్వాల్సిన పని తప్పింది" అన్నారు.