గోపాలస్వామి ఉయ్యాల తాడు

ఉయ్యాల తాడు మురహరి చేతికొచ్చిన మొదటి రోజే గోపాలస్వామి కిరీటం జారింది. పూజారి రంగాచార్యులు గారు చెయ్యి అడ్డం పెట్టారు కాబట్టి కింద పడలేదు.

ఈ మురహరి మా అమ్మమ్మకి స్వయానా అన్నగారు. నాగావళి ఒడ్డున యోగానందదాసు గారి భజన మందిరంలో శిష్యరికం చేసేవాడు. అక్కడ ఫాల్గుణ మాసంలో స్వామికి డోలాసేవ. పౌర్ణమి నాడైతే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. ఆడవాళ్లు లాలి పాడుతుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి పట్టుతాడుతో ఉయ్యాల ఊపాలి. ఆ తాడు మూడు తరాలుగా మా వాళ్ల చేతిలోనే ఉంది. మురహరి తండ్రిగారికి చేతులు వణకడం మొదలై, ఆ ఏడు కొడుక్కి అప్పజెప్పారు.

మురహరికి మృదంగం వచ్చు. తాళంలో అతన్ని తప్పు పట్టేవాళ్లు ఆ చుట్టుపట్ల లేరు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు. అందుకని పాటకి తాళం మొదటి దెబ్బ పడ్డప్పుడల్లా తాడు లాగేవాడు.

నాలుగు ఊపులు బాగానే సాగేవి. ఆ తర్వాత ఉయ్యాల అటు పోతుండగా ఇతను ఇటు లాగేవాడు. గొలుసులు కిర్రుమనేవి. బల్లకి కుదుపు వచ్చి, ఊపు చచ్చిపోయేది. కాసేపటికి దానంతటదే సర్దుకునేది. మళ్లీ చెడేది.

"ఏం మురహరీ, స్వామిని జోకొడుతున్నావా, ఎడ్లబండి ఎక్కించావా?" అంది లాలి పాడే అచ్చియ్యమ్మ గారు. మిగతా ఆడవాళ్లు నవ్వారు.

"నా తాళం సరిగ్గానే ఉంది పిన్నీ. మీరే పాట సాగదీస్తున్నారు."

"అలాగా! మరి కిరీటం దానంతటదే దిగొచ్చిందన్నమాట."

మర్నాడు మురహరి కొక్కేలకి ఆముదం రాశాడు. కిర్రుమనడం తగ్గింది గానీ కుదుపు తగ్గలేదు. ఆ పైరోజు రెండు చేతులా తాడు పట్టి బలంగా లాగాడు. స్వామి మెడలో దండ తెగి, పూలన్నీ పాడేవాళ్ల ఒళ్లో పడ్డాయి.

సేవ అయ్యాక రంగాచార్యులు గారు అతన్ని పక్కకి పిలిచారు. "పౌర్ణమి నాడు ఇంతమంది చూస్తుండగా ఇలా అయితే నా వల్ల కాదు బాబూ. రేపటికి కుదరకపోతే తాడు మన భజనలో తాళాలు వేసే వరదయ్యకిద్దాం. మీ నాన్నగారికి నేనే నచ్చజెబుతాలే."

తండ్రికి ఇంకొకరు నచ్చజెప్పడమన్నది మురహరికి గుచ్చుకుంది. మర్నాడు అన్నం సయించలేదు. మధ్యాహ్నం లేచి గురువుగారి దగ్గరికి వెళ్లాడు. దాసుగారు అరుగు మీద కూర్చుని తులసిమాల కడుతున్నారు.

"గురువుగారూ, తాళం తప్పడం లేదు. బలంగానే లాగుతున్నాను. ఇంకేం చెయ్యమంటారు?"

దాసుగారు మాల పక్కన పెట్టి లేచారు. "పద," అన్నారు.

మందిరంలో ఉయ్యాల ఖాళీగా ఉంది. స్వామి కూర్చునే చోట ఒక చెంబు పెట్టించి, అంచు దాకా నీళ్లు పోయించారు. తాడు విప్పేశారు. బల్లని చేత్తో వెనక్కి తీసి వదిలి, వచ్చి కింద కూర్చున్నారు.

"తాడు కట్టొద్దా అండీ?"

"చూడు."

మురహరి చూస్తూ కూర్చున్నాడు. చేతులు ఊరికే ఉండవు కదా, తొడ మీద తాళం వేశాడు. అది ఉయ్యాలతో కలవలేదు. వేస్తూ వేస్తూ మానేశాడు. కాసేపటికి వేళ్లు వాటంతటవే ఉయ్యాల వెంట ఆడడం మొదలుపెట్టాయి.

ఊపు తగ్గుతూ వచ్చింది. అయితే బారెడు ఊపుకి ఎంతసేపు పట్టిందో, జానెడు ఊపుకీ అంతే పట్టింది. బెత్తెడయ్యాక కూడా అంతే. ఆగేదాకా అది తన నడక మార్చుకోలేదు.

చివరికి ఆగింది.

"ఆముదం కూడా రాశానండీ. అయినా ఆగిపోయింది."

"గాలి ఉంది, గొలుసు ఉంది. ఆగక ఏం చేస్తుంది?"

దాసుగారు లేచి తాడు కట్టారు. బల్లని మళ్లీ ఊపి వదిలి, తాడు కొస మురహరికి అందించారు. అతను రెండు చేతులా పట్టుకోబోతే ఒక చెయ్యి తీసేశారు. రెండో చేతి మూడు వేళ్లని తాడు మీంచి విడదీశారు. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి.

స్తంభం దగ్గర వత్తులు చేసుకుంటున్న అచ్చియ్యమ్మ గారు, "పాట ఎత్తుకోనా దాసుగారూ?" అంది.

"ఇప్పుడే వద్దమ్మా. ముందు ఇతన్ని ఉయ్యాల నడక విననీ."

మురహరి కళ్లు మూసుకున్నాడు. ఉయ్యాల అటు పోతున్నంతసేపూ చేతిని తాడు వెంట పోనిచ్చాడు. అది ఇటు మళ్లాక కాస్త లాగాడు. అంతే. అటు పోయినప్పుడు ఊరుకున్నాడు. ఇటు మళ్లాక కాస్త లాగాడు.

కుదుపు లేదు. ఊపు తగ్గలేదు. ఎప్పుడు అందుకుందో, అచ్చియ్యమ్మ గారు సన్నగా లాలి పాడుతోంది. రోజూ పాడే పాటే, ఉయ్యాలని చూస్తూ దాని నడకలోనే పాడుతోంది.

వాళ్లింకా అలా ఉండగానే సాయంత్రం సేవకి రంగాచార్యులు గారు వచ్చారు. ఊగుతున్న బల్లనీ, దాని మీద తొణకని చెంబునీ చూశారు. తాడు పట్టిన రెండు వేళ్లనీ చూశారు. వరదయ్య మాట ఎత్తలేదు. "చెంబు తీసెయ్యండి, స్వామిని తీసుకొస్తాను," అని లోపలికి వెళ్లారు.

మురహరి కళ్లు తెరిచాడు. "గురువుగారూ, రెండు వేళ్లతో ఇంత ఊపు ఎలా ఇవ్వగలిగానండీ?"

"ఇంత ఊపు నువ్విచ్చింది కాదు నాయనా," అన్నారు దాసుగారు చెంబు దించుతూ. "గాలికీ గొలుసుకీ పోయిన కాస్తా తిరిగిచ్చావు."