గోనెసంచుల్లో కారు

తణుకులో సిమెంటు కొట్టు నడిపే సూర్యచంద్రం అందరితోనూ మంచిగానే ఉండేవాడు గానీ, నరసరాజు గారి పేరెత్తితే మాత్రం కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. ఇద్దరికీ పాత కార్ల పిచ్చి మరి.

సూర్యచంద్రానికి తండ్రి ఇచ్చిపోయిన లేత ఆకుపచ్చ ఫియట్ కారు ఉండేది. ఎండైనా వానైనా తాళం తిప్పగానే పలికేది. భార్య సుగుణ దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకునేది. రాజుగారిదేమో ఓడంత పొడవున్న విదేశీ కారు. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా పెళ్ళికొడుకు ఊరేగేది అందులోనే. బాజాలు వీధి మలుపు తిరగగానే సూర్యచంద్రం కిటికీ మూసేసేవాడు. ఆ పూట అన్నం సహించేది కాదు. ఆయన కారు ఆయనది, మన కారు మనది, మధ్యలో ఈ కడుపుమంట దేనికండీ అని సుగుణ అడిగితే, కడుపుమంట కాదు, దుమ్మొస్తోందని మూశాను అనేవాడు.

ఒకరోజు టీకొట్టు దగ్గర ఒక కబురు అతని చెవిన పడింది. ఊరి చివర రైసుమిల్లు హైమావతమ్మ గారి గోదాములో పాతకాలపు అమెరికా కారు ఒకటి అమ్మకానికుందట. బారెడు ముక్కు, రెండే తలుపులు, పందెం గుర్రంలాంటి ఇంజను. ఆమె భర్త బాగుచేద్దామని సరదాపడి ఆఖరి మరమేకు దాకా విప్పేసి, బిగించకుండానే కాలం చేశాడు. ఇప్పుడది కారు కాదు, గోనెసంచుల గుట్ట. రాజుగారు వెళ్ళి పూటంతా కూర్చుని నాలుగు లక్షలకు అడిగారట. శుక్రవారం లోపు ఆలోచించుకుని చెప్పమన్నారట.

సూర్యచంద్రం గుండెల్లో రాయి పడింది. ఉన్న ఒక్క కారుతోనే ఊరంతా ఆయన చుట్టూ తిరుగుతోంది, ఇదీ వెళ్తే ఇక తన ముఖం ఎవరు చూస్తారు? పూటంతా కూర్చున్నాడంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. నాలుగే అన్నాడంటే పాపం ఆవిణ్ణి బుట్టలో వేస్తున్నాడన్నమాట. ఇలా ప్రశ్న తనే వేసుకుని, జవాబు తనే చెప్పుకుని, ఆదరాబాదరాగా మిల్లుకు వెళ్ళాడు.

విప్పేసిన బళ్ళు కొనేవాళ్ళకు ఒక పద్ధతుంది. నేల మీద టార్పాలిన్ పరిచి, కారులో ఏది ఎక్కడుండాలో అక్కడే పేరుస్తారు. ముందు దీపాలు, వెనక డిక్కీ, నడుమ సీట్లు. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ ముక్క లేనట్టు. ఖాళీలు చూశాకే ధర మాట్లాడతారు. ఇది సూర్యచంద్రానికి తెలియక కాదు. ఊళ్ళో ఎవరు పాతబండి కొంటున్నా పక్కన నిలబడి నేర్పేది తనే.

హైమావతమ్మ గారూ ఆ మాటే అన్నారు. "రాజుగారు అంతా పరిపించి చూసుకున్నారు బాబూ. ఏవో లోట్లున్నాయన్నారు. నాకవి అర్థం కావు. రేపు పొద్దున మనుషుల్ని పెడతాను, మీరూ చూసుకోండి."

లోట్లట! బేరానికి అనే మాటలు కావూ అవి? పైగా రేపటిదాకా ఆగితే, ఈలోగా ఆ రాజు డబ్బు పట్టుకొచ్చి వాలిపోతే? సూర్యచంద్రం ఒక్క సంచి మూతి కూడా విప్పలేదు.

"అక్కర్లేదమ్మా. ఆయన నాలుగన్నారు, నేను ఎనిమిదిస్తాను. ఆయనకు మాత్రం చెప్పకండి" అన్నాడు. ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగి, సరేనన్నారు.

అంత డబ్బు కొట్టులో ఎక్కడిది? ఉన్నదంతా ఊడ్చినా చాల్లేదు. భీమవరం బ్రోకరుకు ఫోను చేసి, ఎవరికైనా సరే, వచ్చినకాడికి ఫియట్ అమ్మేయమన్నాడు. బండి తీసుకెళ్ళడానికి మనిషి వచ్చినప్పుడు సుగుణ చీర చెంగుతో అద్దం తుడిచి లోపలికెళ్ళిపోయింది.

సంచులు ఇంటికి చేరాయి. ఇక రాజుగారి ముఖం మాడిపోవడం కళ్ళారా చూడాలి, కొన్నదే అందుకాయె. శుక్రవారం షామియానా వేయించి, కొత్తబండి పూజ అని వీధి వీధంతా పిలిచాడు. రాజుగారిని మనిషిని పంపి మరీ పిలిపించాడు.

పంతులుగారు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు చేత పట్టుకుని అటూ ఇటూ చూశారు. "ఇవి చక్రాల కింద పెట్టాలి. చక్రాలేవి నాయనా?" అన్నారు.

జనం గొల్లుమన్నారు. సూర్యచంద్రం పౌరుషానికి పోయి, అక్కడికక్కడే సంచులన్నీ విప్పించి, టార్పాలిన్ మీద పేర్పించాడు. పేరుస్తున్నకొద్దీ అతని ముఖం పాలిపోయింది. ఎడమ తలుపు వచ్చింది. రెండో తలుపూ వచ్చింది, అదీ ఎడమదే. వేరే కారుది ఏదో ఇందులో కలిసిపోయింది. కుడివైపంతా ఉత్త టార్పాలినే. ఇంజను తిరగేస్తే అడుగున బెత్తెడు పగులు. అలాంటి ముక్కలు మన దేశంలో ఎంత వెతికినా దొరికేవి కావు.

అప్పుడే వాకిట్లో హారన్ మోగింది. ఆ చప్పుడుకు సుగుణ ఉలిక్కిపడి చూసింది. లేత ఆకుపచ్చ ఫియట్ లోంచి నరసరాజు గారు దిగారు.

ఆయన నేల మీద ఉన్నదాన్ని చూశారు గానీ నవ్వలేదు. ఆ తలుపులు చూశాకే తాను నాలుగన్నానని, అదీ ముక్కలుగా అమ్మేద్దామనేనని, ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణని అన్నారు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ ఫియట్ వైపు చూశారు.

"మీ బండి అమ్మకానికొచ్చిందంటే నమ్మలేదండీ. నాది ఊరేగింపుకు తప్ప దేనికీ పనికిరాదు, సందు మలుపు తిరగాలంటే నలుగురు తొయ్యాలి. మీరు రోజూ ఇందులో దర్జాగా కొట్టుకెళ్తుంటే అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, మిమ్మల్ని చూసి కుళ్ళుకునేవాణ్ణి."

సూర్యచంద్రం ఫియట్ దగ్గరికి నడిచాడు. దాన్ని తిరిగిచ్చేయండి, ఎంతైనా ఇస్తానని గొణిగాడు. ఇవ్వడానికి చేతిలో ఏముంది గనక! రాజుగారు ఫియట్ తలుపు మీద చెయ్యి వేశారు.

"ఏమనుకోకండి. ఇది మాత్రం ఇవ్వలేను" అన్నారు మెల్లగా.

ఇప్పుడు సూర్యచంద్రం కొట్టుకు నడిచి వెళ్తున్నాడు. వీధిలో ఆ హారన్ వినబడితే సుగుణ చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తుంది. అతను కిటికీ మూయడం మానేశాడు. బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూస్తాడు.

వస్తువును చూసి వెల కట్టాలి గానీ పక్కవాడి మీది అసూయతో కట్టకూడదు. అలా కట్టినవాడు కొన్నదాంట్లో మోసపోవడమే కాదు, ఉన్నదాన్ని కూడా పోగొట్టుకుంటాడు.