తిప్పక్క తెరిచిన కన్ను

అనగనగా, తోలుబొమ్మలాడించే వాళ్ళ ఊరొకటి ఉండేది. మేకతోలు మీద బొమ్మలు గీసేవాళ్ళు అక్కడ ఇంటికొకరు. కానీ బొమ్మకి కన్ను తెరవాలంటే మాత్రం తిప్పక్కే తెరవాలి. అన్నీ అయ్యాక, ఆఖర్న, సన్న ఉలితో కంట్లో ఒక్క పోటు. అది కాస్త జారిందా, ఇంక ఆ తోలు పనికిరాదు.

అంతటి తిప్పక్కకి కాఫీ పిచ్చి. లేస్తే కాఫీ, కూచుంటే కాఫీ. రోజుకి ఎనిమిది గ్లాసులు. నవ్వకు, నిజమే చెబుతున్నా. అలా తాగీ తాగీ ఒకరోజు ఉలి పట్టుకుంటే చెయ్యి వణికింది. ఎదురుగా ఆరు తోళ్ళు అతికించి చేసిన పెద్ద హనుమంతుడు. పదిహేను రోజుల్లో, పున్నమికి ఆట. కన్ను తెరవని బొమ్మని తెర మీదికి తేరు.

అప్పుడు తిప్పక్క "ఇక చుక్క ముట్టను" అని గ్లాసు బోర్లించేసింది. మర్నాడే తలనొప్పి మొదలైంది. కణతలు తపతపా కొట్టుకున్నాయి. రెండోరోజు తలకి గుడ్డ బిగించి కట్టింది. మూడోరోజు ఇంక తట్టుకోలేక గిన్నె ఎత్తి కాఫీ అంతా తాగేసింది. నొప్పి పోయింది. వణుకు మళ్ళీ వచ్చింది.

"నా చెయ్యి నాది కాకుండా పోయిందే" అని ఏడ్చింది పాపం.

అప్పుడు కోడలు గంగులమ్మ వచ్చి పక్కన కూచుంది. "అత్తా, ఒక్కసారే మానేస్తే తల ఊరుకుంటుందా? రోజు విడిచి రోజు ఒక్కో గ్లాసు తగ్గిద్దాం" అంది.

ఆ తర్వాత అలాగే చేశారు. కాఫీ తగ్గించిన వేళకి గంగులమ్మ చెంబెడు నీళ్ళు తాగించేది. తల పట్టేస్తే చీకటి గదిలో పడుకోబెట్టి నుదుటి మీద తడిగుడ్డ వేసేది. నొప్పి రాకపోలేదు, వచ్చింది. వచ్చి, కాసేపుండి పోయేది. తిప్పక్కేమన్నా తక్కువదా, "సగం గ్లాసన్నా పొయ్యవే గంగులూ" అని బతిమాలేది. కోడలు అటు తిరిగి నవ్వుకునేదే గానీ పోసేది కాదు.

పున్నమి నాటికి రెండు గ్లాసులే మిగిలాయి. ఆ పొద్దున తిప్పక్క ఉలి పట్టింది. ఊపిరి బిగబట్టింది. ఒక్క పోటు. అంతే.

దీపాలు పెట్టే వేళకి తెర వెనక బొమ్మని నిలబెట్టారు. అప్పుడేమైందో తెలుసా? దీపం వెలుగు ఆ కంట్లోంచి తెర మీదికి వచ్చింది. ఆవగింజంత వెలుగమ్మా, అంతే. అంత పెద్ద హనుమంతుడికీ ప్రాణం వచ్చేసింది. ఎక్కడ కూచున్నవాళ్ళకి అక్కడ, ఆ స్వామి తమనే చూస్తున్నట్టుంది. ఊరు ఊరంతా చేతులు జోడించింది. చెబుతుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది, ఇదిగో చూడు.

తెర వెనక తిప్పక్క తన కుడిచేతిని దీపం దగ్గర పెట్టి చూసుకుంది. అది కదలకుండా ఉంది. చాలాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత మెల్లిగా ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నీ కళ్ళేమో నిద్దరకి,
నా చెయ్యేమో నీ వీపుకి.