మిట్టమధ్యాహ్నపు ఆకలి

కోతలైన వరిమళ్లలో రాలిన గింజలు మేయడానికి కోటయ్య బాతుల మంద దిగింది. పగలంతా మేత, పొద్దుగూకేసరికి గుడారం దగ్గర వల చుట్టిన దడిలోకి. ఆ తిరుగుదారిలోనే నక్క కాపు కాసేది. మందలో వెనకబడ్డ బాతే దాని రాత్రి భోజనం. ఇప్పుడు వెనకబడుతున్నది గున్నమ్మ అనే బాతు. ముసలిది, పైగా కుంటిది. దానికి భయంతో మేతే సయించడం లేదు.

అనుకున్నట్టే ఓ సాయంత్రం గట్టు మీద నక్క అడ్డొచ్చింది.

"అత్తా, ఇవాళ నీ వంతు!"

"నాలో ఏముంది అల్లుడూ, ఈకలూ ఎముకలూ తప్ప! కోటయ్య పెళ్లాం రోజూ మధ్యాహ్నం చిట్లిన గుడ్లు గుంటలో పారేసి, మొగుడికి క్యారేజీ పట్టుకుని పొలం వస్తుంది. కుక్కా మాతోనే ఉంటుంది. గుడారం దగ్గర పురుగైనా ఉండదు. పోయి తినరాదూ?"

"మధ్యాహ్నం నాకు నిద్రవేళ. ఆకలే వెయ్యదు."

"నాలుగు రోజులు తిని చూడు. తెల్లవారుజామునే గుడ్డు పెట్టమని మాకెవరు చెబుతున్నారు? తలలో ఓ గడియారం ఉంది అల్లుడూ. కడుపుకి ఏ వేళ అలవాటు చేస్తే ఆ వేళకే గంట కొడుతుంది."

మధ్యాహ్నం గుడ్లు, సాయంత్రం అత్త! నక్క లొట్టలేసుకుంటూ దారి వదిలింది. ఏ మడి తర్వాత ఏ మడిలో మేతో గున్నమ్మకి తెలుసు, నక్కకి తెలీదు.

ఐదో రోజుకల్లా పొద్దు నడినెత్తికి రాకముందే నక్కకి నోరూరడం మొదలైంది. సాయంత్రం కాపుకి వచ్చేది గానీ, పగటినిద్ర లేక ఒళ్లు బరువు, తిన్నది అరగక త్రేన్పులు. గున్నమ్మ దాని ముక్కు ముందు నుంచే వెళ్లేది.

"పడుకో అల్లుడూ, రేపు చూద్దాంలే!"

పదో నాటికి దూరపు మళ్లు అయిపోయి, మంద గుడారం పక్క మడికే వచ్చింది. ఇక క్యారేజీ ఎందుకు? మధ్యాహ్నం కోటయ్యా కుక్కా గుడారం దగ్గరే కూర్చున్నారు.

నక్క పొదలోంచి చూసింది. వెళ్తే చావేనని దానికి తెలుసు. కడుపుకి తెలియదే! ఆకలి కరకరలాడుతుంటే కాళ్లు గుంట వైపు లాక్కెళ్లాయి. కుక్క దాని తోక కొరికి పట్టింది, కోటయ్య కర్ర వీపు విమానం మోత మోగించింది.

సగం తోకతో పొలిమేర దాటుతూ నక్క అరిచింది: "రమ్మని మోసం చేశావ్, అత్తా!"

"నేను రమ్మన్నది పది రోజుల కిందట. ఇవాళ రమ్మన్నది నీ కడుపు!"

నీతి: ఆకలికి వేళ నేర్పేది మనమే, నేర్చాక మనల్ని నడిపేది అదే.