ఓదెమ్మ వెలిగించిన కాగు

అనగా అనగా, మీ తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, ఒక సాలెల వాడ. ఆ వాడలో ఓదెమ్మ అని పదహారేళ్ళ పిల్ల. మగ్గం లేదు, పొలం లేదు. ఉన్నవల్లా ఒక అమ్మమ్మ, ఒక నోరు. నేతవాళ్ళ పడుగులకు పట్టించే గంజి కాచడం ఆమె పని.

ఆ ఏడు వాడకు గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు. పొద్దున నడిచిన మనిషి మాపటికి కాటికే.

"నీళ్ళు తాగితే రోగం ముదురుతది. పడ్డోళ్ళకు చుక్క పోయొద్దు!" అని కులపెద్ద అంకయ్య చాటింపు వేయించాడు.

మొదటి ఇంట్లో నీళ్ళు నీళ్ళని అరిచి పోయారు. రెండో ఇంట్లో నీళ్ళు నీళ్ళని ఏడ్చి పోయారు. మూడో ఇంట్లో ఏడవడానికి కూడా తడి లేక పోయారు.

నాలుగో రోజు అమ్మమ్మ పడింది. "నీళ్ళు, బిడ్డా" అంది.

ఓదెమ్మకు ఒళ్ళు మండింది. ఎండిన పడుగు పుటుక్కున తెగుతుంది, గంజి తాగిన పడుగు నిలబడుతుంది. నూలుకు తెలిసింది ఈ పెద్దమనిషికి తెలియదా? పల్చటి గంజి కాచింది, ఉప్పు వేసింది, గంటెతో ముంచి అమ్మమ్మ నోట్లో పోసింది. ఒక్క గంటె. ఆగు. మళ్ళీ ఒక్క గంటె. అమ్మమ్మ కక్కింది. ఓదెమ్మ మళ్ళీ పోసింది.

అంకయ్య కర్రతో ఊడిపడ్డాడు. "ముసల్దాన్ని చంపుతున్నవా, పోరీ?" కుండ ఫట్!

రెండో కుండ పెట్టింది. అదీ ఫట్!

"కుండల మీదనా నీ ప్రతాపం, పెద్దనాయినా?"

ఇంట్లో మూడో కుండ లేదు. వాడ నడుమ మాత్రం అందరి పడుగులకూ గంజి కాచే పెద్ద రాగి కాగు ఉంది, మట్టిపొయ్యిలో పాతేసి. వాడలో చావు ఉంటే దాని కింద నిప్పు పెట్టకూడదని కట్టడి. ఓదెమ్మ పెట్టింది! మంట లేచింది, గంజి కుతకుతలాడింది.

"కొట్టు పెద్దనాయినా, కొట్టు!"

అంకయ్య కొట్టాడు. ఠంగ్! కర్ర రెండు ముక్కలైంది. నాలుగు రోజులుగా ఏడుస్తున్న వాడ పకపకా నవ్వింది.

అంతలో అంకయ్య పెళ్ళాం కనకవ్వ ముంత పట్టుకుని ఉరికివచ్చింది. "జరుగు! నీ బిడ్డకు నాలుక పిడచకట్టింది. ఓదెమ్మా, ముందు నా ముంతల పొయ్!"

అంకయ్య చేతిలో సగం కర్రతో పక్కకు జరిగాడు.

"నిలబడి చూస్తవేంది?" అంది ఓదెమ్మ. "ఆ విరిగిన కర్ర పొయ్యిల పెట్టు. మంట తగ్గుతున్నది."

పెట్టాడు.

మూడు రోజులు ఆ నిప్పు ఆరలేదు. ఇంటింటా అదే మాట: ఒక్క గంటె. ఆగు. మళ్ళీ ఒక్క గంటె. అంకయ్య కూతురు కళ్ళు తెరిచింది. అమ్మమ్మ లేచి కూర్చుని, "ఉప్పెక్కువైంది" అని సణిగింది. అందరూ బతికారని అబద్ధం చెప్పను. కాగు వెలిగాక కూడా ఇద్దరు పోయారు. కానీ నీళ్ళడిగి లేదనిపించుకుని పోయినవాళ్ళు లేరు.

ఓదెమ్మ పళ్ళూడేదాకా బతికింది, నోరు మాత్రం ఊడలేదు. ఆమె పోయి ఎన్నేళ్ళో లెక్క లేదు. ఇప్పటికీ ఆ వాడలో ఆడవాళ్ళు జుట్లు పట్టుకుని కొట్లాడుతున్నా సరే, ఒకరు గొంతెండి "దూప" అంటే చాలు, చేతులు ఆగిపోతాయి. "ఆగవే, ఓదెమ్మ చూస్తది" అంటూ రెండోది పరుగున పోయి చెంబెడు నీళ్ళు తెస్తుంది. ఇది గటగటా తాగుతుంది, మూతి తుడుచుకుంటుంది, ఆపిన తిట్టు దగ్గరి నుంచే మళ్ళీ అందుకుంటుంది.