కొండ అంచున దుప్పి

స్కాట్లండ్ కొండల్లో వేటకు వచ్చే దొరల వెంట నడిచి, జంతువు జాడ చూపించి, తుపాకీ మోసే మనిషిని గిల్లీ అంటారు. ఫార్కర్ మంచి గిల్లీ. గాలి ఎటు తిరగబోతోందో ముందే పసిగడతాడు. బురదలో చప్పుడు లేకుండా పాకుతాడు. రానిది ఒక్కటే, ఎవరికీ కాదని చెప్పలేడు. అతని పెళ్ళి కూడా అలాగే అయిందని లోయలో చెప్పుకునేవారు.

పెద్ద గిల్లీ ముర్డో ఆ ఏడాదితో పని మానుకుంటున్నాడు. ఆయన చోటు ఎవరికి దక్కితే లోయ మొదట్లోని రాతి ఇల్లు కూడా వాళ్ళకే. ఫార్కర్ భార్యతో సహా అత్తగారింట్లో ఉంటున్నాడు. ఆ ఇంటికప్పు వాన పడితేనే కారుతుంది. అత్తగారి నోటికి ఆ నియమం లేదు.

"మాస్టారూ, దొర ఏది అడిగినా చేస్తున్నాను. ఆ చోటు నాకు రావాలంటే ఇంకేం చెయ్యాలి?" అని ముర్డోని అడిగాడు.

ముర్డో పైపు దులుపుకున్నాడు.

"రేపు దొరతో కొండెక్కుతున్నాం. తుపాకీ నువ్వు మొయ్యి," అన్నాడు. అంతే.

విట్‌కోంబ్ దొర సబ్బులమ్మి ఆ కొండ కొన్నాడు. అలాంటి మనిషి మర్నాడు పొద్దున్నుంచీ నల్లబురదలో పొట్ట మీద పాకాల్సి వచ్చింది. ప్రతి బండ దగ్గరికీ పొట్ట ముందు చేరేది, దొర తర్వాత.

చివరికి దుప్పి కనిపించింది. కొమ్ములు చెట్టంత ఉన్నాయి. దొర కళ్ళు సబ్బునురుగు పడ్డట్టు ఎర్రబడ్డాయి. అంతలో అది నింపాదిగా నడిచి కొండ అంచున నిలబడింది. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు.

అలా నిలబడిన జంతువు మీద తుపాకీ పేల్చకూడదు. గురి తప్పితే తూటా కొండ దాటిపోతుంది. అవతలి వాలులో లోయ ఆడవాళ్ళు పొయ్యిలో కట్టెల బదులు మండించే ఎండు బురదగడ్డలు మోసుకొచ్చే దారి ఉంది. ఫార్కర్ అత్తగారు ఆ వేళకి ఆ దారినే వస్తుంది. ఈ సంగతి తర్వాత విని కొందరు ఫార్కర్‌ని అదోలా చూశారు గానీ, అతని మనసులో అలాంటిదేమీ లేదు.

"తుపాకీ ఇవ్వు," అన్నాడు దొర గుసగుసగా.

"దొరగారూ, అది దిగేదాకా..."

"ఇవ్వమన్నాను."

ఫార్కర్ చెయ్యి దానంతట అదే తోలు తొడుగు పట్టీ మీదికి వెళ్ళింది.

ముర్డో లేచి నిలబడ్డాడు. దుప్పికి కనిపించేట్టు నిలువెత్తు నిలబడి, తీరిగ్గా పైపు వెలిగించాడు. దుప్పి ఒక్కసారి చూసి మాయమైంది.

దొర బురదలోంచి లేచాడు. "ముసలోడా! ఈ క్షణం నుంచి నువ్వు పనిలో లేవు!"

"అలాగే దొరగారూ."

"ఫార్కర్! ఇకనుంచి పెద్ద గిల్లీవి నువ్వే. ఆ రాతి ఇల్లూ నీదే."

ఫార్కర్ లోయ మొదటివైపు చూశాడు. కప్పు కారని ఇల్లు. తలుపు వేసుకుంటే నిశ్శబ్దం.

అప్పుడే అంచు మీద మరో దుప్పి తల పైకి లేచింది. తర్వాత మెడ, తర్వాత ఒళ్ళంతా. మళ్ళీ వెనక ఆకాశమే.

దొర గబుక్కున పడుకుని చెయ్యి చాపాడు. "ఇదిగో నీ మొదటి పని. ఇటివ్వు."

ఫార్కర్ ముర్డో వైపు చూశాడు. ముర్డో అటు తిరిగి మబ్బులు చూస్తూ పొగ వదులుతున్నాడు.

"ఇవ్వను!" అన్నాడు ఫార్కర్.

అన్నాడనడం తక్కువ. అతని గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు. ఎదురు కొండ కూడా ఇవ్వనంది. దుప్పి దూకి పారిపోయింది.

దొర పిడికిలితో బురదను గుద్దాడు. తర్వాత, "అయితే నీ పనీ పోయింది! ఇద్దరి పనీ పోయింది!" అని అరిచాడు.

"పోయింది దొరగారూ," అన్నాడు ఫార్కర్. తుపాకీ మాత్రం తొడుగులోంచి తియ్యలేదు.

అప్పటికే పొగమంచు దిగుతోంది. ఊబిలో ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో దొరకు తెలియదు. కొండ మీద పెద్ద గిల్లీయే ముందు నడుస్తాడు. వెనక వచ్చేది ఎంత గొప్పవాడైనా ఆ అడుగులోనే అడుగు వెయ్యాలి.

ముర్డో ముందుకు రాలేదు. పక్కకు తప్పుకుని ఫార్కర్‌కి దారి ఇచ్చాడు.

"నడు," అన్నాడు.

ఫార్కర్ నడిచాడు. వెనక దొర, ఆ వెనక ముర్డో. కొంత దూరం పోయాక, కోపంలో ఉన్న దొర తన దారి తాను చూసుకుంటానన్నట్టు ఊబిని కప్పి పచ్చగా మెరుస్తున్న నాచు మీదికి కాలు చాపాడు.

"అటు కాదు," అన్నాడు ఫార్కర్, వెనక్కి తిరక్కుండానే.

దొర కాలు వెనక్కి తీసుకున్నాడు.